క్లచ్ నట్టుకు 'అపసవ్య మర' అనొచ్చా?

పట్టుకారు: ఏటీవీ (ఎగుడుదిగుడు నేల మీద తిరిగే నాలుగు చక్రాల బండి) క్లచ్ నట్టు విప్పి బిగించే పద్ధతిని మెకానిక్కుల కోసం తెలుగులో రాస్తున్నాను. బండి హోండా రాంచర్ 350 తరహాది. మూత తీస్తే రెండు క్లచ్‌లు కనిపిస్తాయి. క్రాంక్ (ఇంజను తిప్పే ప్రధాన షాఫ్టు) మీద వేగం పెరిగితే దానంతటదే పట్టే సెంట్రిఫ్యూగల్ క్లచ్, గేర్ల షాఫ్టు మీద గేరు మార్చేటప్పుడు వదిలే ఛేంజ్ క్లచ్. మొదటిదాని నట్టు గడియారం ముల్లు వైపు తిప్పితేనే ఊడుతుంది. దీన్ని 'అపసవ్య మర' అని రాశాను. నట్టు అంచును షాఫ్టు గాడిలోకి కొట్టి తిరక్కుండా చేస్తారు కదా, దానికి 'గంటు నట్టు' అన్నాను. టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, టార్క్‌గానే ఉంచాను. మాన్యువల్లో 'రిమూవ్' అన్న ప్రతిచోటా 'తీయండి' అని పెట్టాను. పెద్దలు తప్పులు చెప్పాలి.

నిఘంటువు పురుగు: 'అపసవ్యం' కొట్టేయండి. పాఠ్యపుస్తకాల్లో సవ్యదిశ అంటే గడియారం ముల్లు తిరిగే వైపు, బాగానే ఉంది. కానీ సంస్కృతంలో 'సవ్య' అంటే ఎడమ. ఎడమచేత్తో కూడా బాణం వేయగలడు కాబట్టే అర్జునుడు సవ్యసాచి. జంధ్యం ఎడమ భుజం మీద ఉంటే సవ్యం, కుడి భుజం మీదికి మార్చుకుంటే అపసవ్యం. మాట ఒకటే, ఒకచోట కుడివైపు తిరుగుడు, ఇంకోచోట ఎడమ భుజం. ఇది చదివి నట్టు ఎటు తిప్పాలో తేల్చుకోవడం ఎవరి తరమూ కాదు.

'మర' మాత్రం ఉంచండి, బంగారం లాంటి మాట. యంత్రమూ మరే, స్క్రూ చుట్టూ మరే. మూత తిప్పి బిగించే మరచెంబు ప్రయాణాల్లో వాడినవాళ్లకు థ్రెడ్ అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. మరమేకు సరేసరి.

ఓరుగల్లు పానా: మా వైపు షెడ్లలో మర అంటే పిండి మర. నట్టుకుండేది చూడీ. చూడీ పోయింది, చూడీ పట్టలేదు అంటారు. మీరడిగేది ఉల్టా చూడీ. ఉర్దూ మాటే, అయినా రాతలో పక్కన పెట్టి తీరాలి, లేకపోతే ఆ కాయితం షెడ్డులో ఎవరికీ ఉపయోగపడదు.

ఉదాహరణ ఇస్తే ఇంకా మంచిది. టేబుల్ ఫ్యాను రెక్కల ముందుండే బిరడా ఉల్టానే, సైకిలు ఎడమ పెడలు ఉల్టానే. వెల్డింగు షాపులో ఎసిటిలీన్ సిలిండరు నట్టూ అంతే, దాని మూలల మీద గాట్లు పెట్టి ఉంటారు, చూడగానే తెలియడానికి. క్లచ్ నట్టుకు అలాంటి గుర్తు ఉంటుందన్న భరోసా లేదు. మాన్యువల్ చూడకుండా పొడుగు పైపు తొడిగి మామూలు వైపు లాగితే ఆ నట్టు ఇంకా బిగుస్తుంది. రాలేదని ఇంకా బలం వేస్తారు. చివరికి తెగేది క్రాంక్ కొస మీది చూడీ. నట్టు వందల్లో వస్తుంది, క్రాంక్ రాదు.

మరచెంబు: నా ఓటు 'ఎదురు మర'కు. ఎదురు తిరగడం అనే పలుకుబడి అందరికీ ఉంది. 'ఎడమ మర' అంటే ఎడమవైపు ఉన్న మర అనుకుంటారు.

అలాగే 'ఎడమకు తిప్పండి', 'కుడికి తిప్పండి' అని ఎక్కడా రాయకండి. పానా పిడి నట్టుకు పైన ఉన్నప్పుడు ఎడమకు లాగితే ఒక దిశ, పిడి కింద ఉన్నప్పుడు ఎడమకు లాగితే దానికి సరిగ్గా వ్యతిరేక దిశ. ఇంజను కింద పడుకుని పని చేసేవాడికి ఎడమేది, కుడేది? 'నట్టుకు ఎదురుగా నిలబడి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు' అని ఒకసారి రాసి, ఆ తర్వాత 'ముల్లు వైపు', 'ముల్లుకు ఎదురు' అనండి.

టార్కు లెక్క: రెండో మాట దగ్గర ఆగాలి. గంటు అంటే కత్తితో పెట్టేది, కోత. నొక్కు అంటే సొట్ట. ఈ నట్టుకు కావాల్సింది నొక్కు. వాడి ఉలితో కొడితే పల్చటి అంచు చీలుతుంది. చీలిన అంచు గాడిలో ఉన్నట్టే కనిపిస్తుంది కానీ పట్టు ఉండదు. ముక్కు గుండ్రంగా ఉన్న మొద్దు పంచ్‌తో, అంచు సాగి గాడి లోపలికి ఒదిగేలా కొట్టాలి. అందుకే 'నొక్కు కొట్టిన నట్టు' అని రాయండి. గంటు అని రాస్తే చదివినవాడు ఉలే తీస్తాడు.

విప్పేటప్పుడు ముందు ఆ నొక్కు లేపాలి. సన్న ఉలితో మెల్లగా పైకి లేపొచ్చు, లేదా చిన్న గ్రైండింగ్ బిట్‌తో నొక్కు ఉన్నచోటే అరగదీయొచ్చు. షాఫ్టు మర మీద గీత పడకూడదు. రజను ఇంజనులో పడకుండా చుట్టూ నూనె గుడ్డ కుక్కాలి. నొక్కు లేపకుండా ఇంపాక్ట్ గన్ (దెబ్బలు కొడుతూ తిప్పే మిషను) పెట్టారంటే, ఆ వంగిన అంచే మరను దున్నుకుంటూ బయటికొస్తుంది. నట్టు మళ్లీ వాడకండి. కొత్తది తెచ్చాకే పని మొదలెట్టండి.

పట్టుకారు: 'నొక్కు' బాగుంది, మార్చేశాను. చిన్న పిల్లల 110 సీసీ ఏటీవీల్లో ఉండే నట్టు వేరే రకం కదా? ఆరు పలకలుండవు, చుట్టూ నాలుగు గాట్లు ఉంటాయి. దానికీ పేరు కావాలి.

ఓరుగల్లు పానా: మీరే అనేశారు, గాట్ల నట్టు. హోండా కబ్ తరహా చిన్న ఇంజన్ల నట్టు అది. దాని కింద చెవుల వాషరు ఉంటుంది, ఒక చెవి వంచి గాటులో పెట్టి ఉంటారు. ముందు ఆ చెవిని చదును చేయాలి, తర్వాతే పానా. దీనికి నాలుగు పళ్ల గోటీ (సాకెట్) దొరుకుతుంది, 20×24 అని అడుగుతారు. నకలు ఇంజన్లలో కొలతలు కాస్త అటూఇటూ ఉంటాయి కాబట్టి నట్టు బయటి వ్యాసం, గాటు వెడల్పు కొలిచి కొనాలి. పళ్లు గాటులో అడుగుదాకా దిగకపోతే జారి, నట్టు మూలలు తింటుంది. స్క్రూడ్రైవరు గాటులో ఆనించి సుత్తితో కొట్టి తిప్పేవాళ్లున్నారు. రెండోసారికి ఆ నట్టుకు గాట్లు మిగలవు, బిగింపు ఎంతుందో దేవుడికే తెలియాలి.

ఆరు పలకల నట్టుకైతే ఆరు మూలల ఇంపాక్ట్ గోటీయే కావాలి. పన్నెండు మూలల మెరుపు గోటీ వద్దు. నట్టు పల్చనిదైతే ఇంకో చిక్కుంది. గోటీ నోటి అంచు లోపలివైపు వాలుగా చెక్కి ఉంటుంది, ఆ వాలు మేర పట్టు ఉండదు. గోటీ మూతిని గ్రైండరు మీద చదునుగా అరగదీస్తే పలక మొత్తం పడుతుంది. ఇందుకోసం ఒక పాత గోటీ కేటాయించుకోండి.

నిఘంటువు పురుగు: ఇక 'తీయండి'. ఒక్క 'తీయండి'లో మీరు నాలుగు పనులు దాచేశారు. తెలుగుకు నాలుగు క్రియలున్నాయి, వాడుకోవాలి. నొక్కు లేపడం. నట్టు వదులు చేయడం, అంటే మొదటి కదలిక. విప్పడం, అంటే చుట్లు తిప్పడం. ఊడదీయడం, అంటే షాఫ్టు నుంచి వేరు చేయడం. పానా మారేది కూడా సరిగ్గా ఈ క్రియలు మారే చోటే.

మరచెంబు: నిజమే. వదులు చేయడానికి పొడుగు బారు లేదా ఇంపాక్ట్ గన్. విప్పడానికి వేళ్లు చాలాలి. వేళ్లతో రాకపోతే మరలో ఏదో అడ్డుపడిందని అర్థం, అక్కడ ఆగాలి. ఊడదీయడానికి కొన్ని బళ్లలో పుల్లరు, అంటే షాఫ్టు నుంచి వేరు చేసే సాధనం, కావాలి. పొలారిస్ ముందు క్లచ్ క్రాంక్ మీద కోసుగా దిగి కూర్చుంటుంది, బోల్టు విప్పినా రాదు, పుల్లరు బిగిస్తేనే వదులుతుంది.

తిరుగు పనికీ ఇంతే. మర పట్టించడం, బిగించడం, టార్క్ చూడడం, నొక్కు కొట్టడం. మర పట్టించడం చేత్తోనే. రెండు మూడు చుట్లు పానా లేకుండా వెళ్లాలి, లేదంటే అడ్డంగా ఎక్కుతోంది. ఎదురు మరకు ఈ దశలో కూడా ముల్లుకు ఎదురు తిప్పాలన్నది చాలామంది మరిచిపోతారు. విప్పేటప్పుడు గుర్తుంటుంది, బిగించేటప్పుడు చెయ్యి అలవాటు కొద్దీ పోతుంది. గిన్నెలాంటి వాషరుంటే 'అవుట్‌సైడ్' అని అచ్చు ఉన్న ముఖం బయటికి రావాలి.

టార్కు లెక్క: టార్క్‌కు పుస్తకాల్లో 'బలభ్రామకం' ఉంది, పరీక్షకు రాయండి. ఇక్కడ టార్కే చాలు. కానీ ప్రమాణం దగ్గర మీ కాయితంలో పెద్ద తప్పు కనబడింది. '12 కిలోమీటర్లు' అని పడింది! అది 12 కిలోల-మీటరు. ఎంతైనా నట్టు కదా, పన్నెండు కిలోమీటర్లు తిప్పాలంటే తెల్లారుతుంది. న్యూటన్-మీటర్లలో రాయండి, 118. ఫుట్-పౌండ్లలో అది 87.

చేతికి అర్థం కావాలంటే, నట్టు నడిమి నుంచి 50 సెంటీమీటర్ల దూరంలో పిడి పట్టుకుంటే సుమారు 24 కిలోల లాగుడు. 25 సెంటీమీటర్ల పానాతో అయితే 48 కిలోలు, అందుకే పొట్టి పానాతో ఈ పని కాదు. 40 నుంచి 200 న్యూటన్-మీటర్ల దాకా చూపే అర అంగుళం టార్క్ రెంచి తీసుకోండి. టక్‌మన్న చోటే ఆపాలి, 'ఇంకొంచెం' అనొద్దు. దానితో విప్పకండి, లెక్క చెడుతుంది. పని అయ్యాక స్ప్రింగు కనిష్ఠానికి తగ్గించి పెట్టండి.

మాన్యువల్ మరకు నూనె రాయమంటే రాయాలి, అనకపోతే పొడిగానే. మీరు వేసే టార్క్ 100 పాళ్లయితే దాదాపు 90 ఒరిపిడికే పోతుంది, షాఫ్టును లాగి పట్టేది మిగిలిన 10. నూనె రాస్తే ఒరిపిడి తగ్గుతుంది, అదే అంకెకు షాఫ్టు మరింత సాగుతుంది. ఇంపాక్ట్ గన్‌తో బిగించొద్దనేదీ ఇందుకే, అది ఎంత లాగిందో చెప్పదు.

పట్టుకారు: కిలోమీటర్ల సంగతి నవ్వొచ్చింది, దిద్దాను. చివరిది ఒకటి. క్లచ్ తిరక్కుండా పట్టుకునే సాధనానికి 'హోల్డర్' అనే రాయనా?

ఓరుగల్లు పానా: హోల్డరే రాయండి, దొరికేది ఆ పేరుతోనే. అది లేకపోతే పళ్ల చక్రాల మధ్య రాగి ముక్క 'అడ్డు' పెడతారు, ఆ మాట అందరికీ తెలుసు. ఉక్కు ముక్క, స్క్రూడ్రైవరు పెట్టకండి, పన్ను విరుగుతుంది. అడ్డు ఎక్కడ పెట్టాలో కూడా రాయండి. పళ్లు కలిసేచోట, చక్రం తిరగబోతే ముక్కను పళ్ల మధ్యకి లాక్కునే వైపు ఉండాలి. విప్పేటప్పుడు ఒక పక్క, బిగించేటప్పుడు రెండో పక్క. ఎదురు మరకు ఆ రెండూ తారుమారు.