అనలాగ్ ప్రసారం ఆగింది సరే, ఉచిత డిజిటల్ ప్రసారం ప్రతి వాటాకూ చేరిందా?

సత్యనారాయణపురం వాసి

ఒకప్పుడు మన బెజవాడలో డాబా మీద ఇనుప గొట్టానికి అల్యూమినియం యాంటెన్నా బిగించి, దాన్ని కొండపల్లి వైపు తిప్పితే చాలు, నెలనెలా ఎవరికీ ఒక్క రూపాయి కట్టకుండా దూరదర్శన్ చూసేవాళ్లం. టవర్ల మీద నుంచి వచ్చే ఆ అనలాగ్ భూతల ప్రసారాలను దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి దశలవారీగా ఆపుకుంటూ వచ్చి, 2022 మార్చి నాటికి దేశం మొత్తం మీద వ్యూహాత్మక ప్రాంతాలలోని సుమారు 50 ట్రాన్స్‌మిటర్లను మాత్రమే ఉంచుకుంది. చందా లేకుండా టీవీ చూడదలచుకున్నవారికి ఇప్పుడు మిగిలిన ప్రధాన మార్గం, దూరదర్శన్ ఉపగ్రహం ద్వారా డిష్‌కు ఉచితంగా అందించే డీడీ ఫ్రీ డిష్.

మా పిన్నిగారు ఇక్కడే ఒక పాత మేడలో కింది వాటాలో అద్దెకు ఉంటున్నారు. పింఛను డబ్బుతో గడిచే ఇల్లు కనుక కేబుల్ మానేసి ఫ్రీ డిష్ పెట్టించుకుందామనుకున్నారు. డాబా మీద రంధ్రాలు వేస్తే స్లాబు కురుస్తుందని ఇంటివారు ఒప్పుకోలేదు. ఆ భయం అన్యాయమైనదని నేను అనను. కానీ పాత యాంటెన్నాకు ఇంత తంటా లేదు. సిగ్నల్ బలంగా ఉన్న వీధుల్లో టీవీ మీద పెట్టుకునే చిన్న యాంటెన్నాతోనే బొమ్మ వచ్చేది. అనలాగ్‌ను ఆపడం తప్పని నా వాదన కాదు. అదే టవర్ మీద నుంచి డిజిటల్ భూతల ప్రసారం మొదలుపెట్టి, జనం దానికి అలవాటు పడ్డాక పాతదాన్ని ఆపి ఉండవలసింది. మీ అభిప్రాయాలు తెలియజేయగలరు.

పటమట పౌరుడు

సత్యనారాయణపురం వారి బాధ అర్థమైంది కానీ, వారు చెప్పిన పరిష్కారంతో నేను ఏకీభవించలేను. అనలాగ్ పద్ధతిలో ఒక్క చానల్‌కు 7 లేదా 8 మెగాహెర్ట్జ్ వెడల్పున్న దారి మొత్తం ఖర్చయిపోతుంది, పైగా ఆ ట్రాన్స్‌మిటర్లు రోజంతా కరెంటు తింటూ ఉంటాయి. చూసేవారు చాలామంది కేబుల్‌కు, డీటీహెచ్‌కు మారిపోయాక ప్రజాధనాన్ని దాని మీద పోయడం ఎలా సమర్థనీయం? కేబుల్ డిజిటైజేషన్ రెండో దశలో 2013లోనే విశాఖపట్నం ఉంది, మన వంతు మూడో దశలో వచ్చింది. ఆ తరువాత ఇక్కడ మామూలు ఇంట్లో కూడా సెట్‌టాప్ బాక్సు వచ్చి చేరింది. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైన ఫ్రీ డిష్ ఇప్పుడు 4 కోట్లకు పైగా ఇళ్లలో ఉందని అంచనా. ఒకసారి పెట్టుబడి పెడితే తరువాత చందా లేదు. భూతల డిజిటల్‌కు ఊరూరా కొత్త ట్రాన్స్‌మిటర్లు కావాలి, చూసేవారికి ఆ సంకేతాన్ని పట్టే కొత్త ట్యూనర్లూ కావాలి. ఉపగ్రహం ఒక్కటే దేశమంతటినీ కప్పుతున్నప్పుడు ఈ రెండో ఖర్చు ఎందుకు?

డిష్ మెకానిక్, గుంటూరు

నేను ఈ పనిలోనే ఉన్నాను కనుక ముందు పిన్నిగారి సంగతి చెబుతాను. ఫ్రీ డిష్ సంకేతాలు జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తాయి, అది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర భూమధ్యరేఖకు పైన ఉంటుంది. మన విజయవాడ, గుంటూరు ప్రాంతం నుంచి చూస్తే అది ఆగ్నేయ దిక్కున, నేల నుంచి సుమారు 65 డిగ్రీల ఎత్తులో ఉన్నట్లు లెక్క. అంటే డిష్ చూపు దాదాపు నడినెత్తి వైపే ఉంటుంది కనుక, డాబాయే కావాలన్న నియమం ఏమీ లేదు. డిష్ కంటే పది అడుగులు ఎత్తున్న గోడ ఆగ్నేయాన అడ్డం ఉంటే, గోడకు అయిదడుగులు ఎడంగా జరిగితే ఆకాశం దొరుకుతుంది. మూడంతస్తుల మేడ అడ్డం ఉంటే పదహారు, పదిహేడు అడుగుల దూరం కావాలి. పెరడు ఉంటే కొలిచి చూడండి.

ఇక వాదం విషయానికి వస్తే, పటమట వారు ఖర్చు లెక్క చెప్పారు గానీ వాన లెక్క వదిలేశారు. ఫ్రీ డిష్ 'కు-బ్యాండు' అనే తరంగాల శ్రేణి మీద నడుస్తుంది. ఆ తరంగాల పొడవు రెండున్నర సెంటీమీటర్లే కనుక పెద్ద వాన చినుకులు వాటిని పీల్చుకొని చెదరగొడతాయి. పాత అనలాగ్‌లో సంకేతం బలహీనపడితే తెర మీద చీమలు పారినట్లు కనిపించినా మనిషి ముఖం తెలిసేది, మాట వినిపించేది. డిజిటల్‌లో అలా కాదు, ఒక హద్దు వరకు బొమ్మ అద్దంలా ఉంటుంది, ఆ హద్దు దాటగానే గడులు గడులుగా విడిపోయి అసలుకే పోతుంది. జోరువానలో డిష్ పాడైందనుకొని నన్ను పిలిచినవారు ఎందరో ఉన్నారు. నేను వెళ్లేసరికి వాన వెలిసి బొమ్మ తిరిగి వచ్చి ఉంటుంది, వారి దగ్గర కూలి తీసుకోవడానికి మనసొప్పదు. టవర్ నుంచి వచ్చే భూతల తరంగాలు చాలా పొడవైనవి, వానకు దాదాపు తగ్గవు. అది డిజిటల్ అయినా అంతే.

చానళ్ల విషయం కూడా చెప్పాలి. ఫ్రీ డిష్‌లో ప్రైవేటు చానళ్లకు స్థానాలను వేలంలో ఇస్తారు, కాబట్టి పెద్ద మార్కెట్ ఉన్న హిందీ చానళ్లదే పైచేయి. దూరదర్శన్ తెలుగు చానళ్లు సప్తగిరి, యాదగిరి వస్తాయి గానీ, తెలుగు సీరియళ్ల కోసం అడిగేవారికి సమాధానం చెప్పలేకపోతున్నాను.

బ్రాడీపేట ఉపాధ్యాయిని

మెకానిక్ గారు చెప్పిన వాన మాట తీరప్రాంతంలో ఉన్న మనకు అన్నిటికంటే ముఖ్యమైనది. తుపాను దగ్గరపడుతున్న గంటల్లో, ఇంకా కరెంటు పోక ముందే, వాన జోరుకు ఉపగ్రహ సంకేతం తప్పిపోతుంది. సమాచారం అత్యవసరమయ్యే సమయం కూడా సరిగ్గా అదే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు కరెంటు లేక టీవీలు, ఛార్జింగ్ లేక ఫోన్లు మూగబోయాయి. అక్కడ ఏ ప్రసార పద్ధతీ టీవీని బతికించలేదని ఒప్పుకుంటాను. అయితే వరద రాకముందు ఇవ్వవలసిన హెచ్చరికకు ఒక్క దారినే నమ్ముకోవడం వివేకం కాదు.

చట్టం కోణం కూడా ఒకటి ఉంది. జాతీయ ప్రాముఖ్యం గల క్రీడలను ప్రసార భారతితో తప్పక పంచుకోవాలని 2007లో చట్టం చేశారు. ఆ సంకేతాన్ని ప్రసార భారతి తన భూతల ప్రసారాలకు, ఫ్రీ డిష్‌కు మాత్రమే వాడుకోవాలి, కేబుల్ వారికి అందించరాదని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే ఉచితంగా మ్యాచ్ చూసే హక్కుకు అప్పట్లో రెండు తలుపులు ఉండేవి, వాటిలో ఒకటి మన ఊళ్లకు మూసుకుపోయింది.

పటమట పౌరుడు

ఉపాధ్యాయిని గారు ఎత్తి చూపిన చట్టం సంగతి నేను ఆలోచించలేదు, అంగీకరిస్తున్నాను. వాన విషయంలోనూ మెకానిక్ గారి మాట కాదనలేను. కానీ డిజిటల్ భూతల ప్రసారాన్ని దూరదర్శన్ ప్రయత్నించలేదని అనుకోవద్దు. 2016లో ఢిల్లీ, చెన్నై సహా 16 నగరాలలో డీవీబీ-టీ2 అనే డిజిటల్ భూతల పద్ధతిలో మొదలుపెట్టి, ఒకే దారిలో అయిదు చానళ్లు ఇచ్చారు. ప్రైవేటువారినీ ఇందులోకి అనుమతించాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017లో సిఫారసు చేసింది. అయినా ఆ ట్యూనర్ ఉన్న టీవీలు ఇళ్లలో ఎన్ని? చూసే పరికరం లేకుండా ప్రసారం చేస్తే గాలిలో కలిసిపోతుంది.

సత్యనారాయణపురం వాసి

పరికరం లేదన్న మాట దగ్గరే నా అభ్యంతరం ఉంది. అమెరికాలో 2009 జూన్‌లో పూర్తి శక్తి అనలాగ్ కేంద్రాలను ఆపే ముందు, మార్పిడి పెట్టె కొనుక్కోవడానికి ఇంటికి 40 డాలర్ల కూపన్లు రెండు చొప్పున ప్రభుత్వమే ఇచ్చింది. జపాన్ 2011 జూలైలో అనలాగ్‌ను ఆపినా, భూకంపానికి దెబ్బతిన్న మూడు రాష్ట్రాలకు మరుసటి ఏడాది మార్చి వరకు గడువు పెంచింది. రెండు చోట్లా భూతల డిజిటల్ ప్రసారం ముందుగానే నడుస్తోంది. ఇక్కడ ఆ 16 నగరాల జాబితాలో విజయవాడ లేదు, గుంటూరు లేదు, అసలు ఆంధ్రప్రదేశ్ ఊరే లేదు. ఇవ్వని ప్రసారానికి జనం ట్యూనర్లు కొనలేదని ఎలా అంటాం?

మెకానిక్ గారు చెప్పినట్లు పిన్నిగారి పెరడు కొలిచాను. ఆగ్నేయాన నాలుగంతస్తుల మేడ ఉంది, దానికీ మన ప్రహరీకీ మధ్య తొమ్మిది అడుగులే దూరం. ఇంటివారిని మళ్లీ అడిగితే, రంధ్రం వేయకుండా నిలబెట్టగలిగితే డాబా మీద ఒక్క డిష్‌కు అభ్యంతరం లేదన్నారు. పిన్నిగారు ఉంటున్న మేడలో నాలుగు వాటాలు ఉన్నాయి, నలుగురూ అద్దెవారే.

డిష్ మెకానిక్, గుంటూరు

ఇనుప చట్రం మీద డిష్ బిగించి నాలుగు పక్కలా సిమెంటు దిమ్మెలు పెడితే గాలికి కదలదు, స్లాబుకు ఒక్క రంధ్రమూ పడదు. డిష్ ముందు సంకేతాన్ని పట్టే ఎల్ఎన్‌బీని నాలుగు మార్గాలున్నది పెట్టించండి, ఒకే డిష్ నుంచి నాలుగు వాటాలకూ విడివిడిగా తీగ దించవచ్చు. పెట్టె మాత్రం ఎవరిది వారు కొనుక్కోవాలి.