రక్షరేకు: మత్తయి 23:5లో ఈ మాట సరైనదేనా?

ప్రశ్న: మత్తయి సువార్తలో శాస్త్రుల, పరిసయ్యుల గురించి "తమ రక్షరేకులు వెడల్పుగాను తమ చెంగులు పెద్దవిగాను చేయుదురు" అని ఉంది. యూదులు కట్టుకునేవి తోలు పెట్టెలు కదా, రేకులు కావు. అనువాదంలో పొరపాటు జరిగిందేమో. తెలిసినవాళ్లు చెప్పగలరా?

జవాబు: పొరపాటు అనలేనండీ. నా దృష్టిలో తెలుగు బైబిల్లో బాగా కుదిరిన మాటల్లో ఇదొకటి.

గ్రీకులో ఉన్న మాట 'ఫిలక్తేరియా'. కాపాడటం అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టింది, కాబట్టి 'రక్ష' అచ్చంగా సరిపోయింది. వస్తువు విషయంలో మీరన్నది నిజమే. వాక్యాలు రాసిన తోలు చీటీలను చిన్న పెట్టెల్లో పెట్టి నుదుటికి, చేతికి కట్టుకుంటారు. ఈ ఆచారానికి మూలమైన ద్వితీయోపదేశకాండము 6:8లో మనవాళ్లు "కన్నుల నడుమ బాసికమువలె" అన్నారు. ఎంత అందమైన ఎంపిక! పెళ్లి చూసిన తెలుగువాళ్లకి అదెక్కడ కట్టాలో వేరే చెప్పక్కర్లేదు. మత్తయిలో మాత్రం గ్రీకు మాటకే తాయెత్తు అనే అర్థం ఉంది, అందుకే బాసికం కుదరదు.

ఇక రేకు. మా నాయనమ్మ నా మెడలో కట్టిన రక్షరేకు ఇప్పటికీ దాచుకున్నాను. పల్చటి రాగిరేకు మీద అక్షరాలు గీసి, చుట్టి, చిన్న గొట్టంలో పెట్టారు. తాళ్లపాకవారి కీర్తనలు చెక్కిందీ రాగిరేకుల మీదే. అంటే రేకు రాతకీ పనికొస్తుంది, రక్షకీ పనికొస్తుంది.

అసలు విశేషం ఇక్కడుంది. 4వ శతాబ్దం చివర్లో అంతియొకయలో జాన్ క్రిసోస్టం అనే క్రైస్తవ బోధకుడు సరిగ్గా ఈ వచనం మీదే ప్రసంగిస్తూ, ఇప్పుడు మన ఆడవాళ్లు చాలామంది మెడలో సువార్తలు వేలాడదీసుకున్నట్టే అని పోల్చాడు. మరో ప్రసంగంలో చిన్నపిల్లల మెడల్లో కూడా కడుతున్నారన్నాడు.

ప్రశ్న: మెడలో పుస్తకమా? అంత చిన్నవి నిజంగా ఉండేవా?

జవాబు: ఉండేవండీ. జర్మనీలోని కొలోన్‌లో ఉన్న మాని గ్రంథం ఎత్తు 4.5 సెంటీమీటర్లు, వెడల్పు 3.5. ఇంచుమించు అగ్గిపెట్టంత. అది క్రైస్తవ సువార్త కాదు, మాని అనే ప్రవక్త జీవితం. కానీ ఆ కాలపు చేతిపని ఎలా ఉండేదో దాన్ని చూస్తే తెలుస్తుంది. తోలు పుటకి 23 పంక్తులు, గ్రీకులో. నిన్న రాత్రి స్కేలు పెట్టి కాగితం మీద అంత గడి గీసి, సన్నటి పెన్నుతో రాసి చూశాను. ఒత్తులు, గుడులతో కలిపి ఏడు పంక్తులకే నిండిపోయింది. ఆ లేఖకుడి చూపుకీ, ఓపికకీ చేతులెత్తి దండం పెట్టాలి.

చిన్న పుస్తకాలన్నీ తాయెత్తులేనని మాత్రం అనకూడదు. ప్రయాణంలో చదువుకోవడానికీ చేయించుకుని ఉంటారు. 1905లో ఈజిప్టులోని ఆక్సిరింకస్‌లో పాత రాతప్రతుల కోసం తవ్వకాలు జరిపిన గ్రెన్‌ఫెల్, హంట్ అనే పండితులకి ఒక తోలు పత్రం దొరికింది. దాదాపు 8.8 x 7.4 సెంటీమీటర్లు, రెండు వైపులా కలిపి 45 పంక్తులు. మెడలో కట్టుకున్నదేమో అని వాళ్లు అనుకున్నారు. చదువుకునే చిన్న పుస్తకంలోంచి ఊడిన పత్రమని తర్వాతి పండితులు కొందరు వాదించారు. నాకు రెండోదే నమ్మబుద్ధేస్తుంది, ఎందుకంటే అందులో ఉన్నది మంత్రంలాంటి మాట కాదు, ఒక కథ. దేవాలయంలో ఒక పరిసయ్యుడు, మీరు స్నానం చేయకుండా లోపలికొచ్చారని యేసుని నిలదీస్తాడు. నువ్వు కడుక్కున్నది పైచర్మమే అని యేసు బదులిస్తాడు. మీరడిగిన వచనం నుంచి ఇరవై వచనాలు కిందికెళ్లి మత్తయి 23:25 చూడండి, గిన్నె వెలుపల శుద్ధి చేయడం గురించిన ఇదే వాదన కనిపిస్తుంది.