బ్లూ స్క్రీన్‌కి ముందు ఫార్మాటా, ముందు ర్యామా? ఎక్స్‌పో ఆపితే పెట్టిన పైసలు దండగేనా?

కరీంనగర్ కుర్రోడు:
అన్నలకు, అక్కలకు నమస్తే. షాపాయనకు నాకు పంచాయితీ నడుస్తుంది, జర మీరు తెంపుండ్రి.

సిస్టమ్ ఇది: రైజెన్ 5 7600, బీ650 బోర్డు, 16 జీబీ డీడీఆర్5 ర్యామ్ స్టిక్కులు రెండు. ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌పో సెట్టింగ్ ఆన్ చేసి 6000 వేగం మీద నడిపిన. ఏడాదికి ఎక్కువనే అయింది, ఒక్కనాడు సతాయించలే. మొన్న ఎడిటింగ్ పని కోసం అదే కంపెనీది, అదే మోడల్ ఇంకో జత కొని నాలుగు స్లాట్లు నింపిన. గప్పటిసంది రోజూ బ్లూ స్క్రీనే. ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్ అంటది, ఇంకోసారి ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్, మల్లోసారి కెర్నల్ సెక్యూరిటీ చెక్ ఫెయిల్యూర్. ఒక్కోసారి నీలం తెర కూడా రాదు, ఆట నడుమ గేమ్ బందై డెస్క్‌టాప్ మీద పడతం.

షాపాయన ఏమంటుండంటే, "ర్యామ్ మంచిగనే ఉంది, సిస్టమ్ ఆన్ అయితుంది కదా. విండోస్ ఖరాబైంది, ఫార్మాట్ కొట్టు." నా దోస్తేమో ఎక్స్‌పో బంద్ చేసి చూడమంటుండు. డబ్బా మీద 6000 అని రాసుంటేనే పైసలు పెట్టి కొన్న, ఇప్పుడు బంద్ చేస్తే ఆ పైసలెందుకు పెట్టినట్టు? ఫార్మాట్ కొడితే గేమ్‌లన్నీ మల్ల దింపుకోవాలె. ముందుగాల ఏది చెయ్యాలె?

ఖాళీ స్లాట్:
కోడ్ ప్రతిసారీ మారుతోంది అన్నావు చూడు తమ్ముడూ, సగం జవాబు అందులోనే ఉంది. ఒక డ్రైవర్ పాడైతే మామూలుగా అదే కోడ్, అదే ఫైలు పేరు మళ్ళీ మళ్ళీ వస్తాయి. మెమరీలో బిట్ తప్పితే అలా కాదు. అది విండోస్ గుండెకాయైన కెర్నల్ లెక్కల్లో పడితే మెమరీ మేనేజ్‌మెంట్ అంటుంది, డ్రైవర్ వాడే చిరునామాలో పడితే ఐఆర్‌క్యూఎల్ అంటుంది, గేమ్ డేటాలో పడితే గేమ్ ఒక్కటే పోతుంది. నీ దగ్గర మూడూ జరుగుతున్నాయి.

మిగతా సగం నీ ప్రాసెసర్ స్పెక్ పేజీలో ఉంది. రైజెన్ 7000 వరుసకు ఏఎండీ చెప్పే మెమరీ వేగం రెండు స్టిక్కులతో 5200. నాలుగు పెడితే 3600. అవును, 3600 అనే చదివావు. నాలుగు స్టిక్కులతో 6000 నడుస్తుందని నీకు ఎవరూ మాట ఇవ్వలేదు. బోర్డు సెట్టింగులుండే బయోస్‌లోకి వెళ్ళి ఎక్స్‌పో ఆపు. ఫార్మాట్ జోలికి ఇప్పుడే పోకు.

స్క్రూడ్రైవర్:
షాపాయన్ని అంత తేలిగ్గా తీసెయ్యకండి. బెజవాడలో నేను చేసేదీ ఇదే పని. బెంచీ మీదకొచ్చే సిస్టమ్‌లు ఎలా ఉంటాయో మీకు తెలీదు. క్రాక్ గేమ్‌లు, రెండేసి యాంటీవైరస్‌లు, పైన లైట్ల రంగులు మార్చే సాఫ్ట్‌వేర్ ఒకటి. ఆ లైట్ల, ఫ్యాన్ల ప్రోగ్రాముల్లో చాలావాటికి కెర్నల్ డ్రైవర్ ఉంటుందండీ. విన్‌రింగ్0 అని పాత డ్రైవర్ ఒకటుంది, ఇలాంటివి ఎన్నో దాని మీదే నడిచాయి. చివరికి 2025లో విండోస్ డిఫెండరే దాన్ని ప్రమాదకరమని పట్టుకోవడం మొదలుపెట్టింది. వాలరెంట్ గేమ్‌లో మోసాలు పట్టే వాన్‌గార్డ్ అయితే కంప్యూటర్ లేస్తూనే కెర్నల్‌లో కూర్చుంటుంది.

ఒక్కోటీ తీసి చూసుకుంటూ పోతే రోజంతా పోద్ది. ఆ రోజు కూలి కస్టమర్ ఇస్తాడా? ఫార్మాట్ కొట్టాక కూడా వస్తే హార్డ్‌వేర్, రాకపోతే సాఫ్ట్‌వేర్. పూటలో తేలిపోతుంది. ఫార్మాట్ అంటే బద్ధకం కాదండీ, అదీ ఒక పరీక్షే.

ఖాళీ స్లాట్:
పరీక్షే, కాదనను. కానీ ఆ పరీక్ష పేషెంట్ మీదే ఎందుకు చేయాలి? పాత ఎస్‌ఎస్‌డీ ఒకటి తగిలించి దాని మీద కొత్త విండోస్ వేయండి. అసలు డ్రైవ్ తీసి పక్కన పెట్టండి. ఫలితం అదే, డేటా మాత్రం పోదు.

ఇంకోటి. తప్పులు చేస్తున్న మెమరీతో విండోస్ ఎక్కిస్తే, ఇన్‌స్టాల్ ఫైళ్ళు కూడా ఆ మెమరీ గుండానే డ్రైవ్‌లోకి వెళ్తాయి. కొత్త విండోస్ పుట్టుకతోనే పాడై పుట్టొచ్చు. సెటప్ మధ్యలో "ఫైళ్ళు పాడయ్యాయి, ఇన్‌స్టాల్ చేయలేం" అని ఆగిపోతే చాలామంది పెన్‌డ్రైవ్‌ను తిట్టుకుంటారు. ర్యామ్‌ను అనుమానించాల్సిన ఘట్టం అది.

నీలిమ:
ఫార్మాట్‌తో పోయేది గేమ్‌లే కాదు, సాక్ష్యం కూడా. సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ తెరిస్తే మినీడంప్ అని ఉంటుంది. ప్రతి బ్లూ స్క్రీన్‌కీ అక్కడ ఒక ఫైలు పడుతుంది. విన్‌డీబగ్ మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఉచితం, లేదంటే బ్లూస్క్రీన్‌వ్యూ చాలు. ఐదారు ఫైళ్ళు వరసగా తెరిచి చూడండి. ప్రతిదాంట్లో ఒకే డ్రైవర్ పేరుంటే స్క్రూడ్రైవర్ గారి మాట నిజం, ఒక్కోదాంట్లో ఒక్కో పేరుంటే ఖాళీ స్లాట్ గారిది.

ఇక్కడ ఒక జాగ్రత్త. చాలా డంప్‌లలో ఎన్‌టీఓఎస్‌కెర్నల్ పేరు కనిపిస్తుంది. అది చూసి "విండోసే పాడైంది" అనేస్తారు. తప్పు జరిగినప్పుడు పట్టుకుని మెషీన్‌ను ఆపేది ఆ కెర్నలే కాబట్టి దాని పేరు అక్కడుంటుంది, అంతకంటే అర్థం లేదు. ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 చూసి ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) మార్చేసేవాళ్ళదీ ఇదే కథ. సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదు అని మాత్రమే దాని భావం. ఎందుకు కాలేదో అది చెప్పదు.

కరీంనగర్ కుర్రోడు:
అక్కా, చూసిన. ఒక దాంట్లో ఎన్‌విడియా డ్రైవర్, ఒక దాంట్లో ఎన్‌టీఎఫ్‌ఎస్, మిగిలినయి మీరు చెప్పిన కెర్నల్ పేరు. అయితే నాకో డౌటు. డీడీఆర్5లో ఈసీసీ ఉంటదంటరు కదా? తప్పు పడితే అదే దిద్దుకోవాలె కదా?

ఖాళీ స్లాట్:
అది చిప్ లోపల దాచిన బిట్లను దిద్దే ఈసీసీ, అంతే. చిప్ దాటి, స్టిక్ దాటి, బోర్డు తీగల మీదుగా ప్రాసెసర్‌కి వెళ్ళే దారిలో తప్పు జరిగితే దానికి సంబంధం లేదు. నాలుగు స్టిక్కులు పెట్టినప్పుడు బరువు పడేది సరిగ్గా ఆ దారి మీదే. ఒక్కో ఛానల్‌కి ఒక్క స్టిక్ ఉంటే సిగ్నల్ శుభ్రంగా వెళ్తుంది, రెండోది తగిలిస్తే తీగలో ప్రతిధ్వనులు పెరుగుతాయి. ఈ కాలం గేమింగ్ బోర్డుల్లో ఎక్కువ భాగం రెండు స్టిక్కులకు అనువుగా గీసినవే.

బందరు బాబాయ్:
ఎవరూ కరెంటు మాట ఎత్తరేంటి. మా ఇంట్లో సాయంత్రం ఓల్టేజీ పడితే ఫ్యాన్ ముసలిదై తిరుగుద్ది. ముందు స్టెబిలైజర్ పెట్టు అబ్బాయ్.

నీలిమ:
బాబాయ్ గారూ, మంచి ఎస్‌ఎంపీఎస్ 100 నుంచి 240 ఓల్టుల దాకా తీసుకుంటుంది, ఫ్యాన్ నెమ్మదించినంత మాత్రాన దానికేమీ కాదు. పవర్ చాలకపోతే మెషీన్ టక్కున ఆరిపోతుంది లేదా రీస్టార్ట్ అవుతుంది, ఇలా రకరకాల కోడ్‌లు చూపిస్తూ కూర్చోదు. పైగా అబ్బాయి మార్చింది ర్యామ్ ఒక్కటే, కరెంటు ఏడాదిగా అదే కరెంటు.

టర్బో తాతారావు:
తెర మీద వచ్చే మాటను నమ్మి తప్పు భాగం మార్చడానికి మంచి ఉదాహరణ ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్ల గొడవ. అన్‌రియల్ ఇంజిన్ గేమ్ తెరిస్తే షేడర్లు (గ్రాఫిక్స్ గీసే చిన్న ప్రోగ్రాములు) సిద్ధమయ్యేటప్పుడు "వీడియో మెమరీ చాలదు" అని వచ్చేది. అది చదివినవాడు ఎవడైనా గ్రాఫిక్స్ కార్డునే అనుమానిస్తాడు. 2024 ఏప్రిల్‌లో ఎన్‌విడియానే ఈ ఎర్రర్ వచ్చేవాళ్ళు ఇంటెల్‌ను అడగండి అనేదాకా వచ్చింది. అసలు సంగతేమిటంటే షేడర్ డేటాను విప్పేటప్పుడు ప్రాసెసర్ తప్పు లెక్క కడుతోంది. ముందు బోర్డుల సెట్టింగుల మీదకు పోయింది. జూలైలో ఇంటెల్ ప్రాసెసర్‌ను నడిపే తన మైక్రోకోడే అవసరానికి మించి ఓల్టేజీ అడుగుతోందని ఒప్పుకుంది. ఆగస్టులో 0ఎక్స్129 అనే మైక్రోకోడ్‌తో 1.55 ఓల్టుల పైకి పోకుండా కట్టడి చేశారు, సెప్టెంబర్‌లో 0ఎక్స్12బీ వచ్చింది. వారంటీ ఇంకో రెండేళ్ళు పెంచారు. కానీ అప్పటికే దెబ్బతిన్న చిప్ బయోస్ అప్‌డేట్‌తో బాగుపడదు, మార్చుకోవాల్సిందే. అలాంటి మెషీన్‌కి వందసార్లు ఫార్మాట్ కొట్టినా ఏం లాభం?

స్క్రూడ్రైవర్:
తాతారావు గారూ, మీకు అనుకూలమైన ఉదాహరణ మీరు తెచ్చారు, నాది నేను తెస్తా. 2024 జూలై 19, క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ తప్పు అప్‌డేట్. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల విండోస్ మెషీన్లు. విమానాశ్రయాల్లో తెరలన్నీ నీలం. ఒక్క ర్యామ్ స్టిక్ కూడా పాడవలేదు, అంతా సాఫ్ట్‌వేరే.

టర్బో తాతారావు:
మరి వాళ్ళెవరైనా ఫార్మాట్‌తో మొదలుపెట్టారా? సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి క్రౌడ్‌స్ట్రైక్ ఫోల్డర్‌లో తప్పు ఫైలు తీసేస్తే లేచి కూర్చుంది. మీ ఉదాహరణ నా వైపే మాట్లాడుతోంది.

స్క్రూడ్రైవర్:
ఆ ఫైలు ఏదో కంపెనీ చెప్పింది కాబట్టి తీశారు. మా కస్టమర్‌కి ఎవరు చెప్తారండీ.

కరీంనగర్ కుర్రోడు:
అప్‌డేట్. ఎక్స్‌పో బంద్ చేసిన. మొదటిసారి తెర నల్లగనే ఉండిపోయింది, పానం పోయినంత పనైంది. నీలిమక్క మెసేజ్ పెట్టి, డీడీఆర్5 కొత్త వేగానికి ట్రైనింగ్ చేసుకుంటది, కొన్ని నిమిషాలు పట్టొచ్చు, పవర్ తియ్యకు అంది. నిజంగనే కొంచెంసేపటికి లేచింది. బోర్డు తనకుతానే 3600 పెట్టుకుంది. రాత్రంత ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 నడిపిన, ఒక్క ఎర్రర్ లేదు. మల్ల బ్లూ స్క్రీన్ రాలే.

తర్వాత కొత్త జత తీసి పాత జత మీద 6000 పెట్టిన, సాఫ్. పాతది తీసి కొత్త జత ఒక్కటే పెట్టిన, ప్రాసెసర్ దిక్కు నుంచి రెండో, నాలుగో స్లాట్ల. అదీ 6000 మీద సాఫ్. నాలుగు పెట్టి ఎక్స్‌పో ఆన్ చేస్తే మెమ్‌టెస్ట్‌ల ఎర్రతెర.

షాపాయనకు చెప్తే "నేను చెప్పలేదా, ర్యామ్ మంచిదే అని" అంటుండు!

ఖాళీ స్లాట్:
ఆయన మాట అక్షరాలా నిజం, అదే విచిత్రం. ఏ స్టిక్కూ పాడు కాదు. రెండు జతలు కలిపితే 6000 పట్టదు, అంతే. వేరువేరుగా కొన్న జతలను కంపెనీ కలిపి పరీక్షించదు, మోడల్ నంబర్ ఒకటే అయినా లోపలి చిప్‌లు వేరు కావచ్చు. మెమ్‌టెస్ట్ ఒక్కటే చాలదు, గేమ్ ఆడేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు వేడి ర్యామ్‌కి కూడా తగులుతుంది. ఎండాకాలం వచ్చే ముందు సిస్టమ్ మీద బరువు వేసి పరీక్షించే ఓసీసీటీనో వై-క్రంచరో ఒకసారి నడిపి చూడు.

లేజర్ లక్ష్మి:
నాకు ఒళ్ళు మండేది వేరే ఉంది. 6000 అని డబ్బా మీద పెద్ద అక్షరాలు. బోర్డు పెట్టె మీద అంతకంటే పెద్ద అంకె. ప్రాసెసర్ కంపెనీనేమో ఎక్స్‌పో ఓవర్‌క్లాకింగ్ కిందకే వస్తుంది, స్పెక్ దాటి నడిపితే వారంటీ పోవచ్చు అని పేజీ అడుగున చిన్న అక్షరాల్లో రాస్తుంది. ఎక్స్‌పో పేరు పెట్టింది వాళ్ళే కదా! ముగ్గురూ అంకెలు చూపించి అమ్ముకున్నారు, తేడా వస్తే కొన్నవాడిదే తప్పు. అలాంటప్పుడు "ఎక్స్‌పో ఆపు తమ్ముడూ" అని మనం కూడా తేలిగ్గా చెప్పేస్తే వాళ్ళకి ఇంకేం కావాలి? ఈ అబ్బాయి రెండో జత అడిగినప్పుడు, నాలుగైతే వేగం పడిపోతుందని షాపువాడు ఒక్క మాట చెప్పాలా వద్దా?

స్క్రూడ్రైవర్:
చెప్పాలమ్మా. అక్కడ షాపుది తప్పే. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో అయినా బెజవాడలో అయినా కౌంటర్‌లో కుర్రాళ్ళకి డీడీఆర్4 లెక్కలే అలవాటు, ఖాళీ స్లాట్ ఉంటే ఇంకో జత పెట్టడమే తెలుసు. డీడీఆర్4లో అది చాలాసార్లు నడిచేసేది. కానీ డబ్బా చింపాక పని చేస్తున్న ర్యామ్ వెనక్కి తీసుకోమంటే ఏ షాపువాడూ తీసుకోడు, తీసుకుంటే వాడు దాన్ని ఎవరికి అమ్ముకోవాలి?

లేజర్ లక్ష్మి:
ఆ లెక్క అమ్మే ముందు వేసుకోవాల్సింది. కొన్నవాడు ఎందుకు వేసుకోవాలి?

కరీంనగర్ కుర్రోడు:
షాపు సంగతి నేను సూసుకుంట. ఇప్పుడు నేనేం పెట్టుకోవాలె? 64 జీబీ 3600 మీదనా, 32 జీబీ 6000 మీదనా?

నీలిమ:
గేమ్‌లకైతే 32 చాలు, రైజెన్‌కి మెమరీ వేగం ఫ్రేమ్‌ల మీద బాగానే కనిపిస్తుంది. ఎడిటింగ్ టైమ్‌లైన్ 32 దాటి తింటుంటే 64 ఎంత నెమ్మదైనా మేలు, ర్యామ్ చాలక డ్రైవ్‌ను వాడుకునే పేజింగ్ అంతకంటే నరకం. రెండూ కావాలంటే జతలు రెండూ అమ్మేసి, 32 జీబీ స్టిక్కులు రెండున్న ఒకే కిట్ కొనుక్కో. బోర్డు వెబ్‌సైట్‌లో మెమరీ జాబితా ఉంటుంది, ఆ కిట్ అందులో ఉందో లేదో చూశాకే డబ్బులివ్వు. కొనేలోపు నాలుగూ ఉంచాలంటే 3600 నుంచి మెల్లగా 4800 దాకా ప్రయత్నించొచ్చు, ప్రతి మెట్టుకీ మెమ్‌టెస్ట్ తప్పదు.

స్క్రూడ్రైవర్:
ఇన్ని రోజులు తప్పులు చేసే మెమరీతో నడిపాడు కాబట్టి డ్రైవ్‌లో ఏ ఫైళ్ళు చెడ్డాయో తెలీదు. విండోస్‌లోని డీఐఎస్‌ఎం, ఎస్‌ఎఫ్‌సీ కమాండ్లు నడిపితే విండోస్ ఫైళ్ళే చూస్తాయి, మిగతావి చూడవు. నన్నడిగితే కొత్త కిట్ పెట్టాక డేటా బ్యాకప్ తీసి ఫార్మాట్ కొట్టెయ్ బాబూ.

ఖాళీ స్లాట్:
ఇప్పుడు చెప్పారు, ఒప్పుకుంటా. బ్యాకప్‌లో ఎడిటింగ్ ప్రాజెక్టులు తెరుచుకుంటున్నాయో లేదో ఒక్కోటీ చూసుకున్నాకే కొట్టు తమ్ముడూ. గేమ్‌లు స్టీమ్‌లో ఉంటే ఆ ఫోల్డర్ వేరే డ్రైవ్‌కి మార్చి, తర్వాత ఫైళ్ళు వెరిఫై చేయించు. చెడినవి మాత్రమే దిగుతాయి, మళ్ళీ మొత్తం దింపుకోనక్కర్లేదు.