ఎండలో నల్లబడిన కాలిక్యులేటర్ తెర తనంతట తానే ఎలా బాగుపడింది?

ప్రశ్న (గుంటూరు, మిర్చి యార్డు గుమస్తా):
మొన్న కాటా దగ్గర టిక్కీల లెక్క చూసుకుని, కాలిక్యులేటర్‌ను బండి సీటు మీదే మరచిపోయి భోజనానికి వెళ్లాను. రోహిణి కార్తె ఎండ. తిరిగి వచ్చేసరికి తెర అంతా సిరా ఒలికినట్టు నల్లబడింది. లోపలి ద్రవం కారిపోయిందనుకుని బల్ల మీద పడేశాను. ఫ్యాను కింద కాసేపు ఉన్నాక ఒక మూల నుంచి నలుపు విడిపోతూ వచ్చి, చివరికి మచ్చయినా మిగల్లేదు. దాన్ని ‘లిక్విడ్ క్రిస్టల్’ అంటారని మా అబ్బాయి చెప్పాడు గాని, ఒకే పదార్థం ద్రవమూ స్ఫటికమూ ఎలా అవుతుందో చెప్పలేకపోయాడు. తెలిసినవారు వివరించగలరా?

జవాబు 1 (విజయవాడ, భౌతికశాస్త్ర అధ్యాపకురాలు):
ఏలూరు కాలువలో కొట్టుకుపోయే గడ్డిపరకలను గమనించండి. అవి ఒకచోట నిలవవు, అయినా చాలావరకు ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి. ద్రవస్ఫటికంలోని పొడవాటి అణువులు కూడా అంతే: ద్రవంలా కదులుతాయి, స్ఫటికంలా వరస తప్పవు.

మీ కాలిక్యులేటర్‌లో రెండు గాజు పలకల మధ్య కొద్ది మైక్రోమీటర్ల మందాన, అంటే వెంట్రుక కంటే ఎంతో పలచగా, ఈ పదార్థం ఉంటుంది. ఒక పలక దగ్గర అణువులు ఒక దిక్కుకు, రెండో పలక దగ్గర దానికి అడ్డంగా ఉండేలా గాజు లోపలి పూతను ముందే ఒక వాటానికి రుద్ది ఉంచుతారు. అందువల్ల మధ్యలోని అణువులు మెట్లమెట్లుగా 90 డిగ్రీలు మెలితిరుగుతాయి, వాటితోపాటు కాంతి కంపన దిశా తిరుగుతుంది. అలా తిరిగిన కాంతే వెనుక ఉన్న పోలరైజర్‌ను, అంటే ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే పోనిచ్చే పొరను, దాటగలదు. అంకె గీత మీద కొద్దిపాటి వోల్టేజి పెడితే అణువులు నిలువుగా లేస్తాయి, మెలిక పోతుంది, కాంతి ఆగిపోయి ఆ గీత నల్లగా కనిపిస్తుంది.

ఎండ కూడా ఆ మెలికనే చెడగొట్టింది. ఒక ఉష్ణోగ్రత దాటితే అణువుల వరస చెదిరి మామూలు ద్రవమైపోతుంది, అప్పుడు తెర మొత్తం నల్లబడుతుంది. చల్లారగానే ఆ రుద్దిన పూతలే అణువులను మళ్లీ వరసలోకి తెస్తాయి కనుక మచ్చ మిగల్లేదు.

నిజానికి ఈ పదార్థాలు బయటపడిందే వేడి వల్ల. 1888లో ప్రాగ్‌లో రైనిట్జర్ అనే వృక్షశాస్త్రవేత్త కొలెస్టెరిల్ బెంజోయేట్‌ను వేడిచేస్తే, అది 145.5 డిగ్రీల దగ్గర కరిగి మబ్బుగానే ఉండి, 178.5 డిగ్రీల దగ్గర తేటపడింది. ఆ నడిమి స్థితే ద్రవస్ఫటికం. 1970వ దశకం తొలినాళ్లలో ఇంగ్లాండులోని హల్ విశ్వవిద్యాలయంలో జార్జ్ గ్రే బృందం గది వేడిమికి తగిన, త్వరగా చెడని పదార్థాలను తయారుచేసింది. వాటిలో బాగా పేరుపడిన ఒకటి 35 డిగ్రీలకే వరస తప్పుతుంది. అదొక్కటే వాడి ఉంటే మన బెజవాడలో వేసవి మధ్యాహ్నాలు ఏ తెరా పనిచేసేది కాదు! అందుకే పలు పదార్థాలు కలిపి ఆ హద్దును పెంచుతారు.

జవాబు 2 (విజయవాడ, మరమ్మతు దుకాణం):
అధ్యాపకురాలు గారు చెప్పింది నిజం. అయితే ‘ద్రవం కారింది’ అని మా దగ్గరకు వచ్చేవన్నీ ఇలాంటివి కావండి. కింద పడి గాజు చిట్లితే నలుపు ఒక మూల నుంచి మర్రాకులా పాకుతుంది, ఎంత చల్లబరచినా పోదు. తెర మార్చడమే దారి. ఎండలో తరచూ వదిలేస్తే పైనున్న పోలరైజర్ పొర పసుపుపచ్చగా మారి బుడగలు లేస్తుంది, అదీ తిరిగి రాదు. ఈసారికి మీ కాలిక్యులేటర్ బతికిపోయింది గాని, బండి సీటు మీద మళ్లీ పెట్టకండి.

అడిగినవారు:
ధన్యవాదాలండి. మా అబ్బాయి దగ్గరున్న పోలరైజ్డ్ చలవ కళ్లద్దాలను తెర మీద పెట్టి మెల్లగా తిప్పి చూశాను. ఒక వాటానికి రాగానే అంకెలతో సహా తెరంతా నల్లబడింది, మరికాస్త తిప్పితే మళ్లీ తెల్లబడింది. ఈసారి ఎండ అవసరం లేకపోయింది.