టోక్యో స్టోరీ: షిగేని విలన్ అనడం న్యాయమేనా?

రీలుపెట్టె

జపాన్ దర్శకుడు ఓజు తీసిన 'టోక్యో స్టోరీ' (1953) గురించి తెలుగులో ఎక్కడ చూసినా ఒకటే పాట: "కన్నవాళ్లను పట్టించుకోని పిల్లల కథ, జపాన్ వాళ్ల బడిపంతులు". చూడనివాళ్ల కోసం కథ నాలుగు ముక్కల్లో చెప్తాను. ఒనోమిచి అనే రేవు ఊళ్లో ఉండే షుకిచి, తోమి అనే వృద్ధ దంపతులు టోక్యోలో పిల్లల్ని చూడ్డానికి వెళ్తారు. పెద్దకొడుకు కోయిచి డాక్టరు. పెద్దకూతురు షిగే ఇంట్లోనే బ్యూటీ పార్లర్ నడుపుతుంది. ఇద్దరికీ తీరిక ఉండదు. యుద్ధంలో పోయిన రెండో కొడుకు భార్య నోరికో మాత్రం ఆఫీసుకి సెలవు పెట్టి ఊరు చూపిస్తుంది. తిరుగు ప్రయాణంలో తల్లికి జబ్బు చేస్తుంది. ఇల్లు చేరాక ప్రాణం పోతుంది.

నేననేది ఏంటంటే, ఇది చెడ్డ పిల్లల కథ కాదు. షిగేని విలన్ని చేశామంటే సినిమాలో సగం మన చేతుల్తో మనమే పారేసినట్టు. ఒప్పుకోనివాళ్లు సీన్లు పట్టుకుని మాట్లాడండి. "ఫీల్ రాలేదు" లాంటివి వద్దు.

మిరపకాయబజ్జీ

సీన్లేగా, తీసుకోండి. అత్తమామల కోసం మొగుడు కేకులు తెస్తే "ఇంత ఖరీదైనవి వాళ్లకెందుకు, బియ్యప్పిండి బిస్కెట్లు చాలు" అంటుంది. పార్లర్‌కి వచ్చిన కస్టమరు "ఎవరు వాళ్లు" అనడిగితే "ఊర్నుంచి వచ్చిన తెలిసినవాళ్లు" అంటుంది, సొంత అమ్మానాన్నల్ని! చవగ్గా వదిలించుకోవచ్చని అన్నతో కలిసి చందా వేసి వాళ్లని అతామి వేడినీళ్ల బుగ్గల దగ్గరికి పంపుతుంది. అక్కడ రాత్రంతా మాజాంగ్ (పలకలతో ఆడే జూదం) గోల, పాటల గోల. నిద్రపట్టక మర్నాడే తిరిగొస్తే, సాయంత్రం ఇంట్లో పార్లర్ల వాళ్ల మీటింగుంది, అప్పుడే ఎందుకొచ్చారని మొహం మాడ్చుకుంటుంది. అమ్మకి సీరియస్ అని టెలిగ్రాం వస్తే బట్టల్లో చావుకి వేసుకునే నల్లబట్టలు కూడా సర్దుకుంటుంది. అంత్యక్రియలయ్యాక భోజనాల దగ్గరే అమ్మ నడికట్టు నాకు, ఫలానా కిమోనో నాకు అని అడిగేస్తుంది.

ఇంకేం కావాలండీ విలన్‌కి, మీసాలా?

చాపమీదకెమెరా

బజ్జీ గారూ, లిస్టు కరెక్టే. ఒక్కటీ కాదనను. కానీ ప్రతి సీనుకీ పక్కన ఇంకో ముక్క ఉంది, అది వదిలేశారు.

చావు బట్టలతో మొదలుపెడదాం. షిగే, కోయిచి ఇద్దరూ మాట్లాడుకునే తెచ్చుకున్నారు. నోరికో తేలేదు. తల్లి పోయిన ఉదయం షిగే "నల్లబట్టలు తెచ్చావా" అని అడిగితే లేదంటుంది. చూసేవాళ్లకి నోరికో మనసున్న మనిషిగా, షిగే రాతిగుండెగా కనిపిస్తారు. సరే, కానీ ప్రతి ఇంట్లోనూ ఆ టైముకి పంతులెవరు, పాడె ఎవరు కడతారు, డబ్బెంతుంది అని ఆలోచించే మనిషి ఒకరుంటారు. ఆ మనిషికి ఏడుపు రాదని కాదు. ఇక్కడే చూడండి: తల్లి తెల్లారేదాకా ఉండదని కోయిచి చెప్పినప్పుడు భోరుమన్నది షిగేనే.

ఇక నడికట్టు సంగతి. పోయినవాళ్ల వస్తువులు దగ్గరివాళ్లు పంచుకోవడం జపాన్‌లో ఆచారం, కతామివాకే అంటారు. మామూలుగా 49వ రోజు దాటాక చేస్తారు. మన దగ్గర పెద్దకర్మ అయ్యాక అమ్మ చీరలు కూతుళ్లూ కోడళ్లూ తీసుకోరా? షిగే అడగడం తప్పు కాదు, తొందర తప్పు. రేపు రైలెక్కితే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. ఆ తొందర టోక్యో బతుకుది.

అందరూ మర్చిపోయే సీను ఇంకోటి. టోక్యోలో ముసలాయన పాత స్నేహితులతో తాగితాగి అర్ధరాత్రి దాటాక వస్తాడు, పోలీసు దింపి వెళ్తాడు. షిగే మండిపడుతుంది. ఆ కోపంలోనే మొగుడితో ఒక మాటంటుంది: నాన్న ఇదివరకు ఇంతే, తాగొచ్చి అమ్మని ఏడిపించేవాడు, క్యోకో పుట్టాకే మానేశాడు అని. క్యోకో ఆఖరి కూతురు. అంటే షిగే పెరిగిందంతా ఆ తాగుడు ఇంట్లో. క్యోకో పెరిగింది తాగుడు మానేసిన ఇంట్లో. చివర్లో అక్క మీద క్యోకో తెగ మండిపడుతుంది కదా, ఇద్దరూ చూసిన తండ్రి ఒకలాంటివాడు కాదు మరి. ఒక్క డైలాగులో అయిపోతుంది ఇదంతా. ఫ్లాష్‌బ్యాక్ లేదు, పాట లేదు.

రీలుపెట్టె

తాగుడు సీను నేనే రాద్దామనుకున్నా, మీరు ముందే పట్టేశారు.

బడిపంతులు పోలిక ఎక్కడ తేడా కొడుతుందో చెప్తాను. 1958 కన్నడ 'స్కూల్ మాస్టర్' నుంచి మన ఎన్టీఆర్, అంజలీదేవి సినిమా (1972) దాకా ఆ వరసలో పిల్లలు అమ్మానాన్నల్ని చెరో ఇంటికి విడదీస్తారు. కష్టం బయటికి కనిపిస్తుంది, తప్పు ఎవరిదో తెలుస్తుంది, చివర్లో ఎవరో ఒకరు బుద్ధి తెచ్చుకుంటారు. హాలీవుడ్‌లో లియో మెక్‌కారీ 1937లో తీసిన 'మేక్ వే ఫర్ టుమారో'లో కూడా ముసలివాళ్ల ఇల్లు పోయి పిల్లల మధ్య విడిపోతారు. ఓజుతో కలిసి స్క్రిప్టు రాసిన కోగో నోదా ఆ సినిమా చూసినవాడే. అయినా టోక్యో స్టోరీలో ఆ ఇల్లు పోవడాన్ని తీసేశారు. ముసలాళ్లకి ఒనోమిచిలో ఇల్లుంది, తోడుగా క్యోకో ఉంది. వాళ్లకి పిల్లల అవసరం లేదు. చూడాలని వచ్చారు, అంతే. అవసరం లేని చోట ద్రోహం ఏముంటుంది?

పైగా కాలం చూడండి. పెద్దకొడుకే ఇంటిపెద్ద, ముసలివాళ్లు వాడి దగ్గరే ఉండాలి అన్న పాత కుటుంబ పద్ధతి 1947లో సివిల్ కోడ్ మార్పుతో చట్టంలోంచి పోయింది. సినిమా వచ్చేసరికి ఆరేళ్లు. కోయిచి ఇల్లే క్లినిక్కు. తాత, నానమ్మ వస్తున్నారని మనవడు మినోరు బల్లని నడవాలోకి జరిపితే వాడు గోల గోల చేస్తాడు. ఆదివారం బయల్దేరబోతుంటే పేషెంటుకి సీరియస్ అని పిలుపు. ఇందులో ఎవర్ని తిడతారు, బల్లనా?

సబ్‌టైటిల్ సుబ్బమ్మ

ఈ గొడవలో సగం ఇంగ్లీషు సబ్‌టైటిళ్ల పుణ్యమే. రెండు చోట్లు చెప్తాను.

అంత్యక్రియలయ్యాక అందరూ వెళ్లిపోతారు. నోరికో ఒక్కతే ఇంకొన్నాళ్లు ఉండి, తనూ బయల్దేరబోతుండగా క్యోకో షిగేని తిట్టిపోసి "ఇయా నే, యో నో నాకా తె" అంటుంది. నోరికో నవ్వుతూ "సో, ఇయా నా కొతొ బక్కారి" అంటుంది. ఇంగ్లీషులో ఇది "జీవితం నిరాశపరుస్తుంది కదా", "అవును" అన్నట్టుగా దిగింది. వేదాంతం అయిపోయింది. అసలు మాట "ఇయా" అంటే నచ్చకపోవడం, ఏవగింపు. చిన్నపిల్ల బెండకాయ కూర వద్దన్నప్పుడు కూడా అదే మాట. తెలుగులో అయితే "ఛీ, ఏం లోకమో ఇది", "అవును, అన్నీ ఛీ అనేవే" అని వస్తుంది. ఈ రెండో మాట నవ్వుతూ అనడం చూస్తే అక్కడ వేదాంతం కనిపించదు, అలసట కనిపిస్తుంది.

రెండోది నోరికో తన గురించి మామగారితో చెప్పుకునే మాట: "వతకుషి, జురుయిన్ దెస్". దీన్ని "నేను స్వార్థపరురాలిని" అని చేశారు. జురుయి అంటే స్వార్థం కాదు. పిల్లల ఆటలో తొండి చేసినవాణ్ణి అనే మాట. "నేను మీరనుకునేంత మంచిదాన్ని కాదు, తొండిదాన్ని" అంటోంది. మొగుడు పోయి ఎనిమిదేళ్లు, ఈ మధ్య రోజులకి రోజులు ఆయన గుర్తే రావడం లేదు, ఈ మాట అత్తగారితో చెప్పలేకపోయాను అని. అంటే సినిమాలో "మంచి" పాత్ర కూడా నేను మంచిదాన్ని కాదు అని ఒప్పుకుంటోంది. దేవతే లేనప్పుడు రాక్షసి ఎక్కణ్నుంచొస్తుంది?

కొత్తగాచేరా

అండీ, మీ చర్చ చదివి మొదలుపెట్టా. ప్రశ్నలు రెండు. ఒకటి, టీవీలో మనుషులు లావుగా, పొట్టిగా కనిపిస్తున్నారు, పైగా సీరియల్లా నునుపుగా ఉంది. రెండు, 136 నిమిషాలు ఒకేసారి కూర్చోవాలా? మాట్లాడేవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నట్టు కూడా అనిపించట్లేదు, ప్రింటు తేడానా?

అట్లకాడ

ప్రింటు తేడా కాదు. ఒక్కోటి చూద్దాం.

లావుగా కనిపించడం: ఇది దాదాపు చతురస్రంలా ఉండే పాత ఫ్రేము, 1.37 నిష్పత్తి. మీ టీవీ దాన్ని 16:9కి సాగదీస్తోంది. రిమోట్‌లో పిక్చర్ సైజు "ఒరిజినల్" లేదా "4:3" పెట్టండి. రెండు పక్కలా నల్లపట్టీలు రావాలి. "జూమ్" మాత్రం పెట్టొద్దు. జూమ్ చేస్తే పైనా కిందా తెగుతుంది. ఓజు కెమెరా నేలకి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఫ్రేము అడుగున చాప అంచు, టీ కప్పులు, విసనకర్ర, కూర్చున్నవాళ్ల మోకాళ్లు ఉంటాయి. అవి పోతే బొమ్మే ఒరిగిపోయినట్టుంటుంది.

సీరియల్ నునుపు: మోషన్ స్మూతింగ్, అంటే కదలిక నున్నగా కనిపించాలని టీవీ తనే మధ్యలో ఫ్రేములు కల్పించడం. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది, మెనూలో మోషన్ అనే మాట వెతికి ఆపేయండి. చాలా టీవీల్లో "ఫిల్మ్ మేకర్" మోడ్ పెడితే అదే ఆగిపోతుంది.

గీతలు, బుస్సుమనే శబ్దం మాత్రం భరించండి. ఒరిజినల్ నెగటివ్ అగ్నిప్రమాదంలో పోయింది. ఇప్పుడున్నవన్నీ కాపీల నుంచి బాగుచేసినవే. నాయిస్ రిడక్షన్ పెంచితే గీతలతో పాటు మొహాల మీద ముడతలూ పోతాయి. తండ్రి వేషం వేసిన చిషూ ర్యూ అప్పటికి 49 ఏళ్ల వాడు, ఆ ముడతలన్నీ మేకప్పూ నటనా. వాటిని చెరిపేస్తే ఇంకేం మిగిలింది?

చూపులు కలవకపోవడం: అది ఓజు కావాలని చేసిన పని. మామూలుగా ఇద్దరు మాట్లాడుకుంటే కెమెరా వాళ్లిద్దర్నీ కలిపే ఊహాగీత దాటదు. ఓజు దాటేస్తాడు. 50 మిల్లీమీటర్ల లెన్సుతో ఒక్కొక్కర్నీ దాదాపు ఎదురుగా పట్టుకుంటాడు, ఇద్దరూ ఒకే దిక్కు చూస్తున్నట్టుంటుంది. పావుగంటకి కన్ను అలవాటు పడుతుంది. అలవాటయ్యాక గమనించండి, షిగేకీ అదే లెన్సు, నోరికోకీ అదే లెన్సు.

ఒకేసారి కూర్చోవడం: రెండు భాగాలుగా చూడాలంటే అతామి నుంచి తిరిగొచ్చాక, టోక్యోలోని ఉయెనోలో గోడ పక్కన ఇద్దరూ కూర్చునే చోట ఆపండి. సినిమా మొత్తంలో కెమెరా కదిలే ఒకటి రెండు చోట్లలో అదొకటి, గోడ వెంట మెల్లగా జరుగుతుంది. "మొత్తానికి ఇల్లు లేనివాళ్లమయ్యాం" అనే మాట కూడా అక్కడే. తోమి జబ్బు పడ్డాక మాత్రం ఆపొద్దు, అక్కణ్నుంచి సీన్లు ఒకదానికొకటి బిగుతుగా అల్లుకుని ఉంటాయి.

మిరపకాయబజ్జీ

లెన్సు ఒకటే అయితే తీర్పు లేనట్టా? ఒకే తక్కెడలో తూచినా వేలు పెట్టొచ్చండి.

షిగే వేషం హరుకో సుగిమురకి ఇచ్చాడు. ఎక్కడ ఏ మాట తుంచితే నవ్వొస్తుందో తెలిసిన నటి. కస్టమరు సీనులో, కేకుల సీనులో నవ్వు ఆమె టైమింగు వల్లే వస్తుంది, ఆ నవ్వు ఆమె మీదే. నోరికోకి సెత్సుకో హారాని పెట్టాడు, ఆ నవ్వు మొహాన్ని. నటుల్ని ఎంచుకోవడంతోనే సగం తీర్పు అయిపోయింది. 2012లో 'సైట్ అండ్ సౌండ్' అనే బ్రిటిష్ సినిమా పత్రిక పోల్‌లో డైరెక్టర్లు దీన్ని ఒకటో నంబరు చేశారని, అందుకే ఇందులో పక్షపాతమే ఉండదని అనొద్దు ప్లీజ్.

చాపమీదకెమెరా

ఆ పోల్ మాట ఎవరూ ఎత్తలేదు కదా గురూ! సుగిమురా మీద మీరన్నది మాత్రం ఒప్పుకుంటాను. నవ్వు షిగే మీదే. కానీ సెలవు పెట్టి అమ్మానాన్నల్ని తిప్పమని నోరికోకి ఫోన్ చేసి అడిగింది ఎవరు? షిగేనే. తనకి కుదరదు, ఎవరికి కుదురుతుందో ఆలోచించింది. నోరికో మంచితనం తెర మీదకొచ్చింది ఆ ఫోన్ వల్లే. చివర్లో క్యోకో "నువ్వూ అలా అయిపోతావా" అంటే నోరికో ఇష్టం లేకపోయినా అవుతాను అంటుంది. మీరు షిగే మీద వేసిన కేసుకి ఆ రోజు నోరికో కూడా సంతకం పెట్టదు.

ఇంకొకటి. మీ లిస్టులో తండ్రి పేరు లేదు. మొదటి సీను గుర్తుందా? ప్రయాణానికి సర్దుకుంటుంటే గాలిదిండు కనిపించదు. నీకిచ్చానంటాడు ఆయన. నా దగ్గర లేదంటుంది ఆవిడ. నీకే ఇచ్చానంటాడు మళ్లీ. ఇంతలో కిటికీ దగ్గరికి పక్కింటావిడ వచ్చి పలకరించి వెళ్తుంది. ఆవిడ వెళ్లాక దిండు ఆయన సామాన్లోనే దొరుకుతుంది. "దొరికిందా" అంటుంది ఆవిడ, "ఆఁ, దొరికింది" అంటాడు. సారీ లేదు, ఆవిడ అడగదు కూడా. ఇన్నేళ్ల కాపురం ఆ దిండులో ఉంది.

ఆఖరి సీనులో అదే కిటికీ, అదే పక్కింటావిడ. ఆయన ఒక్కడే విసనకర్రతో కూర్చుని ఉంటాడు. ఇలా అవుతుందని తెలిస్తే, బతికున్నప్పుడే ఇంకాస్త మెత్తగా చూసుకునేవాణ్ణి అంటాడు. ఆ మాట పిల్లల్లో ఎవరి నోటా పెట్టకుండా ఆయన నోట పెట్టారు.

మిరపకాయబజ్జీ

దిండు సంగతి గమనించలేదు. మళ్లీ చూస్తా.

కేకుల విషయంలో మాత్రం షిగేని వదిలేది లేదు.