చర్చ: పెద్దచెరువు.డీఓ అని రాస్తే పైథాన్ లోపల ఏం జరుగుతుంది?

భీమవరం_కోడర్
మా బాబాయి వాళ్ళకి వనామీ రొయ్యల చెరువులున్నాయి. రోజూ డీఓ (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్), పీహెచ్, ఉప్పు శాతం కొలిచి పుస్తకంలో రాస్తారు. వాటిని పైథాన్‌లోకి ఎక్కిద్దామని ‘చెరువు’ అనే క్లాసు మొదలుపెట్టాను. డీఓ సున్నా కంటే తక్కువ రాకూడదు, పీహెచ్ 0 నుంచి 14 లోపు ఉండాలి. ఇలా ఒక్కో ఫీల్డుకీ ఒక ప్రాపర్టీ, దానికో సెట్టర్ (విలువ పెట్టేటప్పుడు నడిచే ఫంక్షన్) రాసుకుంటూ పోతే క్లాసంతా వాటితోనే నిండిపోతోంది. ఇలాంటి చోట డిస్క్రిప్టర్ (ఒక ఫీల్డుని చదవడం, రాయడం ఎలా జరగాలో చెప్పే విడి ఆబ్జెక్టు) వాడాలని చదివి ‘హద్దు’ అని ఇంకో క్లాసు పెట్టి, అందులో డండర్ గెట్ (__get__), డండర్ సెట్ (__set__) రాశాను. తప్పు విలువ ఇస్తే వాల్యూ ఎర్రర్ బాగానే వస్తోంది. కానీ పెద్దచెరువుకి 5.2 ఇచ్చి, తర్వాత చిన్నచెరువుకి 3.8 ఇస్తే పెద్దచెరువు కూడా 3.8 అంటోంది. తెల్లవారుజామున డీఓ పడిపోయే టైములో ఏ చెరువుకి ఏరియేటర్లు (నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు) వెయ్యాలో దీన్ని చూసే తేల్చుకుంటామంటున్నారు, అందుకే టెన్షన్. ఎక్కడ తేడా వస్తోంది?

తణుకు_బ్యాకెండ్
సెట్ లోపల సెల్ఫ్.విలువ అని దాచి ఉంటారు. అక్కడ సెల్ఫ్ అంటే చెరువు కాదండి, హద్దు ఆబ్జెక్టు. డీఓ = హద్దు(0, 20) అన్న లైను క్లాసు తయారయ్యేటప్పుడు ఒక్కసారే నడుస్తుంది. తర్వాత ఎన్ని చెరువులు సృష్టించినా అన్నిటికీ ఆ ఒక్క హద్దే. చివరగా ఎవరు రాస్తే వాళ్ళ విలువే అందరికీ కనిపిస్తుంది.

సెట్‌కి సెల్ఫ్, ఇన్‌స్టన్స్, వాల్యూ అని మూడు వస్తాయి. ఆ ఇన్‌స్టన్సే మీ చెరువు. విలువని దాని సొంత డిక్షనరీ అయిన డండర్ డిక్ట్‌లో పెట్టండి. ఏ పేరుతో పెట్టాలో తెలియడానికి హద్దులో డండర్ సెట్ నేమ్ (__set_name__) రాయండి. 3.6 వెర్షన్ నుంచి క్లాసు తయారవుతుండగానే పైథాన్ దాన్ని పిలిచి, ఈ హద్దుకి ఇచ్చిన పేరు ‘డీఓ’ అని చెప్తుంది. అంతకుముందు ఆ పేరుని మనమే స్ట్రింగుగా ఇంకోసారి ఇవ్వాల్సి వచ్చేది.

కాకినాడ_డేటా
పాత ట్యుటోరియల్స్‌లో హద్దు లోపలే ఒక డిక్షనరీ పెట్టి, ఇన్‌స్టన్స్‌ని కీగా వాడటం కనిపిస్తుంది. అది వద్దు. చెరువు ఆబ్జెక్టు పని అయిపోయినా ఆ డిక్షనరీ దాన్ని పట్టుకునే ఉంటుంది, మెమరీ ఖాళీ కాదు. వీక్ కీ డిక్షనరీ (కీగా ఉన్న ఆబ్జెక్టుని పట్టి ఉంచని డిక్షనరీ) వాడితే ఆ బాధ పోతుంది కానీ, మీ క్లాసుని మామూలు డేటాక్లాస్ చేస్తే హ్యాష్ (డిక్షనరీ కీని వెతకడానికి వాడే సంఖ్య) ఉండదు, కీగా పనికి రాదు. ఇన్‌స్టన్స్ సొంత డిక్ట్‌లో పెట్టడమే సుఖం.

భీమవరం_కోడర్
మార్చాను, పెద్దచెరువు 5.2, చిన్నచెరువు 3.8 సరిగ్గా వస్తున్నాయి. థాంక్సండి! ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. ఇప్పుడు క్లాసులోనూ ‘డీఓ’ ఉంది, ఇన్‌స్టన్స్ డిక్ట్‌లోనూ ‘డీఓ’ ఉంది. పైథాన్ దేన్ని తీసుకుంటుంది? ఇన్‌స్టన్స్‌దే ముందు చూస్తుందని చదువుకున్నాను.

అమలాపురం_మేడం
నేను కాలేజీలో ఈ సబ్జెక్టే చెప్తాను. పిల్లలందరూ ఇక్కడే ఆగుతారు, అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను.

చుక్క పెట్టగానే డండర్ గెట్‌అట్రిబ్యూట్ నడుస్తుంది. అది ముందుగా వెతికేది ఇన్‌స్టన్స్‌లో కాదు, క్లాసులోనూ దాని పై క్లాసుల్లోనూ. అక్కడ దొరికినదానికి గెట్‌తో పాటు సెట్ గానీ డిలీట్ గానీ ఉంటే అది డేటా డిస్క్రిప్టర్. ఇక ఇన్‌స్టన్స్ డిక్ట్ వైపు చూడకుండా దాని గెట్‌నే పిలుస్తుంది. అలాంటిది లేకపోతేనే ఇన్‌స్టన్స్ డిక్ట్ వంతు. అక్కడా లేకపోతే, క్లాసులో దొరికినదానికి గెట్ ఒక్కటే ఉంటే దాన్ని పిలుస్తుంది, మామూలు విలువైతే ఉన్నదున్నట్టు ఇస్తుంది. ఏదీ దొరక్కపోతే అట్రిబ్యూట్ ఎర్రర్, మీరు డండర్ గెట్‌అట్రిబ్యూట్ కాకుండా డండర్ గెట్‌అటర్ రాసి ఉంటే దానికో అవకాశం.

డేటా డిస్క్రిప్టర్ కాలవ మీద లాకులాంటిది. ఎగువన నీళ్ళున్నా దిగువకి ఎంత వెళ్ళాలో లాకు దగ్గరే తేలుతుంది. మీ హద్దుకి సెట్ ఉంది కాబట్టి అదే ముందుంటుంది, డిక్ట్‌లో అదే పేరు వాడినా గొడవ లేదు. సెట్ లోపల మాత్రం సెట్‌అటర్‌తో (పేరు చెప్పి అట్రిబ్యూట్‌కి విలువ పెట్టే ఫంక్షన్) అదే పేరుకి రాయకండి. అది మళ్ళీ మీ సెట్‌నే పిలుస్తుంది, అలా తిరిగి తిరిగి రికర్షన్ ఎర్రర్‌తో ఆగుతుంది.

ఇంకో మాట. మీరు రోజూ రాసే మెథడ్లు కూడా ఇదే పద్ధతిలో నడుస్తాయి. ఫంక్షన్‌కి గెట్ ఉంది, సెట్ లేదు. పెద్దచెరువు.మేత_వెయ్యి అనగానే ఫంక్షన్ గెట్ నడిచి, సెల్ఫ్ స్థానంలో పెద్దచెరువుని కట్టి బౌండ్ మెథడ్‌గా ఇస్తుంది. సెల్ఫ్ ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరైనా అడిగితే నేను ఇక్కడి నుంచే మొదలుపెడతాను. కొత్త తరహా క్లాసులతో పాటు ఈ ఏర్పాటు పైథాన్ 2.2లో వచ్చింది.

కాకినాడ_డేటా
మేడం గారు చెప్పిన, గెట్ ఒక్కటే ఉన్న రకానికి మంచి ఉదాహరణ పైథాన్ 3.8లో వచ్చిన క్యాష్డ్ ప్రాపర్టీ. దానికి సెట్ లేదు. మొదటిసారి అడిగినప్పుడు లెక్క కట్టి, ఫలితాన్ని అదే పేరుతో ఇన్‌స్టన్స్ డిక్ట్‌లో పెడుతుంది. రెండోసారి డిక్ట్‌లోనే దొరుకుతుంది కాబట్టి దాని గెట్ అసలు నడవదు. మీరు ఎఫ్‌సీఆర్ (రొయ్యల బరువు పెరగడానికి ఎంత మేత పట్టిందో చెప్పే నిష్పత్తి) లెక్కకి ఇది వాడితే, ఈరోజు వేసిన మేత కలిపాక కూడా పాత సంఖ్యే వస్తుంది. మేత కలిపినప్పుడల్లా ఆ అట్రిబ్యూట్‌ని డెల్ చెయ్యండి.

పాలకొల్లు_దేవ్
నా మాట కొంచెం వేరు తమ్ముడూ. ఒకటి రెండు ఫీల్డులకైతే ప్రాపర్టీ చాలు, చదివేవాడికి సులభం. ప్రాపర్టీ కూడా డేటా డిస్క్రిప్టరే, సెట్టర్ రాయకపోయినా సరే, రాయబోతే అట్రిబ్యూట్ ఎర్రర్ ఇస్తుంది. ఒకే నియమం నాలుగైదు చోట్ల పదే పదే వస్తుంటే అప్పుడు హద్దు రాయడం న్యాయం. నీ దగ్గర అదే పరిస్థితి, సరైన దారిలోనే ఉన్నావు.

కానీ దాన్ని కాపలా అనుకుని నిశ్చింతగా ఉండకు. వార్స్(పెద్దచెరువు)["డీఓ"] = -3 అని నేరుగా ఇన్‌స్టన్స్ డిక్ట్‌లోనే రాస్తే హద్దుకి తెలియనే తెలియదు. చెరువు.డీఓ = 7 అని క్లాసు మీద రాస్తే హద్దే ఎగిరిపోయి 7 మిగులుతుంది, ఎందుకంటే క్లాసు మీద రాసేటప్పుడు అందులో ఉన్న డిస్క్రిప్టర్ సెట్‌ని పిలవరు. డేటాబేసులో కూడా నిబంధన పెట్టు.

భీమవరం_కోడర్
సరే అన్నా, పెడతాను. క్లాసు మీద అంటే గుర్తొచ్చింది. చెరువు.డీఓ అని ఊరికే చదివితే, నన్‌టైప్‌కి డండర్ డిక్ట్ లేదని ఎర్రర్ వస్తోంది.

తణుకు_బ్యాకెండ్
క్లాసు నుంచి అడిగితే గెట్‌కి ఇన్‌స్టన్స్ స్థానంలో నన్ వస్తుంది. మొదటి లైనులోనే, ఇన్‌స్టన్స్ నన్ అయితే సెల్ఫ్‌ని తిరిగిచ్చెయ్యండి. చిన్న విషయంలా ఉంటుంది గానీ ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ (పైథాన్ నుంచి డేటాబేసుతో పనిచేసే లైబ్రరీ) ఈ సందునే అందంగా వాడుకుంది. అక్కడ పెద్దచెరువు.డీఓ అంటే 5.2 వస్తుంది. చెరువు.డీఓ < 4 అని క్లాసు మీద రాస్తే క్వెరీలో వేర్ షరతు తయారవుతుంది. జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్కులో మోడల్ (డేటాబేసు పట్టికకి ప్రతినిధి అయిన క్లాసు) మామూలు ఫీల్డు వెనక ఉన్నది గెట్ ఒక్కటే ఉన్న డిస్క్రిప్టర్. విలువ ఇన్‌స్టన్స్ డిక్ట్‌లో ఉంటే అదే వచ్చేస్తుంది, డిఫర్ చేసిన (ముందే తేకుండా వాయిదా వేసిన) ఫీల్డయితే అప్పుడే గెట్ నడిచి డేటాబేసుకి వెళ్తుంది. ఈ రెండిటి కోడ్ చదవండి, అక్కడే నాకు ఇదంతా కుదురుకుంది.

భీమవరం_కోడర్
చదువుతానండి. చివరిగా ఒకటి. ఒక్కో రైతు ఒక్కోటి కొలుస్తాడు, కొందరు అమ్మోనియా కూడా చూస్తారు. ఆ ఫీల్డుని ప్రోగ్రాం నడుస్తుండగా సెట్‌అటర్‌తో క్లాసుకి కలిపితే పనిచేస్తుందా?

అమలాపురం_మేడం
కలపొచ్చు. కానీ సెట్ నేమ్‌ని పైథాన్ పిలిచేది క్లాసు తయారయ్యేటప్పుడే. తర్వాత కలిపినదానికి పేరు అందదు. హద్దు ఆబ్జెక్టు చేసి క్లాసుకి కలిపాక, దాని సెట్ నేమ్‌ని క్లాసు, “అమ్మోనియా” అనే పేరు ఇచ్చి మీరే పిలవాలి. కలపడం క్లాసుకే కలపండి, ఒక్క చెరువు ఆబ్జెక్టుకి కలిపితే అది డిస్క్రిప్టర్‌గా పనిచెయ్యదు.