చర్చ: ఇంటి నంబర్ పడని కాలనీకి ప్లస్ కోడ్ సరిపోతదా?

కొత్తిల్లు_భీమారం
వరంగల్ కాడ భీమారం దాటినంక కొత్త వెంచర్ల ఇల్లు కట్టుకున్నం. వీధికి పేరు లేదు, ఇంటి నంబర్ ఇంకా పడలే. పార్సిళ్లన్నీ మెయిన్ రోడ్డు మీది కిరాణ దుకాణం కాడనే ఆగుతున్నయ్. గూగుల్ మ్యాప్స్‌ల ప్రతి జాగకు అక్షరాలు, అంకెలు కలిపి వచ్చే ప్లస్ కోడ్ రాస్తే చాలా? అసొంటిదే పోస్టల్ వాళ్ల డిజిపిన్ తీస్కోవాల్నా? ఆధార్‌ల గూడ రాయొచ్చా?

శివనగర్_అన్న
కోడ్ పక్కన ఊరి పేరు లేకుండ ఎవ్వరికీ పంపకు తమ్మీ. మా బావ మంచిర్యాల నుంచి వస్తుండె. మా చిన్నాయన కొడుకు ‘వరంగల్’ అన్నది తీసేసి ఉత్త ఆరక్షరాలు ఫార్వర్డ్ చేసిండు. ఫోన్ ఆయనను మంచిర్యాల జిల్లలనే పత్తిచేన్ల నడుమకు తోల్కపోయింది. పిల్లలతోని రాత్రిపూట ఎంత తిప్పలైందో మాకు తెల్సు.

సర్వేయర్_కాజీపేట (రిటైర్డ్)
సర్వే పనిలోనే నా తల నెరిసింది, చెప్తున్న వినండి. పూర్తి కోడ్‌ల పదక్షరాలుంటయ్. మొదటి నాలుగు ఒక డిగ్రీ గడిని చెప్తయ్, అంటే ఉత్తర దక్షిణాలుగా 111 కిలోమీటర్లు. మిగిలిన ఆరు ఆ గడిలోపల జాగను చెప్తయ్. అవే ఆరు ప్రతి గడిలోనూ మళ్లీ వస్తయ్. శివనగర్‌కు సరిగ్గా ఒక డిగ్రీ ఉత్తరాన మంచిర్యాల జిల్లానే ఉంది. ఊరి పేరు లేకపోతే ఫోన్ తనకు దగ్గరున్నదాన్నే పట్టుకుంటది. అందుల ఫోన్ తప్పేం లేదు.

మట్టెవాడ_506002
మరి ఇదేంది సార్? మాది మట్టెవాడ, పూర్తి కోడ్ 7జే9ఎక్స్‌తోని మొదలైతది. మా అన్న ఇల్లు వేయిస్తంభాల గుడి కాడ, ఆయనది 7జేసీఎక్స్. ఆటోల పోతే ఎంత దూరమని? ఒక్క ఊరికి రెండు మొదళ్లు పెట్టినోళ్లు ఊరు చూసి పెట్టిన్రా?

సర్వేయర్_కాజీపేట (రిటైర్డ్)
18 డిగ్రీల అక్షాంశం మన ఊరి మీదికెల్లే పోతది. కోట, భద్రకాళి గుడి దానికి దక్షిణాన, వేయిస్తంభాల గుడి ఉత్తరాన. గడి గీసేటప్పుడు ఊరి పొలిమేర చూడరు. దీన్ని తప్పంటే భూగోళానిదే తప్పనాలె.

మట్టెవాడ_506002
గీత సంగతి మీకు తెల్సు, పార్సిల్ తెచ్చే పిలగానికి తెల్వదు. ఆ పిలగాడు నా కోడ్ చూసి, మా అన్న కోడ్ చూసి, రెండు వేర్వేరు ఊర్లనుకుంటడు.

సర్వేయర్_కాజీపేట (రిటైర్డ్)
పిలగానికి తెల్వాల్సిన పనే లేదు! ఫోన్ల కొడితే చాలు. చదవకుండనే వాదిస్తున్నరు.

మట్టెవాడ_506002
చదివే అడుగుతున్న. పెద్దమనిషని ‘సార్’ అంటున్న, మీరు గూడ మాట మర్యాదగ మాట్లాడుండ్రి.

ఉత్తరాల_మనిషి
గొడవ ఆపుండ్రి. డిజిపిన్ వచ్చినంక ఈ పంచాయితీ ఎందుకు? 2025 మే నెలల తపాలా శాఖ తెచ్చింది, ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వాళ్ల ఎన్ఆర్ఎస్‌సీ (రిమోట్ సెన్సింగ్ సంస్థ) కలిసి చేసిన్రు. దేశం మొత్తాన్ని ఒక్క చతురస్రంల పెట్టి 16 గళ్లు చేస్తరు, ఒక్కో గడిని మళ్లీ 16 చేస్తరు, అట్ల పదిసార్లు. ఆఖరుకు సుమారు 4 మీటర్ల గడి మిగుల్తది. ప్లస్ కోడ్ పదక్షరాలకు గడి 14 మీటర్లుంటది. 1972 నుంచి ఉన్న పిన్‌కోడ్ మాత్రం పోదు, దాన్ని రాయాల్సిందే.

రాంనగర్_ఐదో_అంతస్తు
4 మీటర్లైనా 14 మీటర్లైనా మా అపార్ట్‌మెంట్‌ల ఒకదాని మీద ఒకటున్న ఫ్లాట్లకు ఒక్కటే కోడ్. కోడ్‌కు అంతస్తు తెల్వదు. ఫ్లాట్ నంబర్ రాసినా చూడరు, అన్నీ కింద వాచ్‌మెన్ దగ్గర పడేసి పోతరు. లిఫ్ట్ లేని బిల్డింగ్ మాది, మా అమ్మ కిందికి దిగలేదు.

ఓరుగల్లు_బిడ్డ
అడ్రస్ అనంగనే గుర్తొచ్చింది, అందరు ఇంకా హన్మకొండ అనే రాస్తున్నరు. 2021ల జిల్లా పేరు హనుమకొండ అయింది. అడ్రస్‌లనన్నా సరిగ్గ రాయాలె.

మడికొండ_అక్క
పేరు తర్వాత చూస్కుందురు. మా నాయనకు అర్ధరాత్రి ఛాతి నొప్పి లేస్తే అంబులెన్స్‌కు ఫోన్ చేసి కోడ్ చదివి చెప్పిన. సీ అంటే పీ అని వినపడ్డది, వీ అంటే జీ అని వినపడ్డది. ఆఖరుకు మా తమ్ముడు రోడ్డు మీద టార్చి పట్టుకొని నిలబడితే బండి దొరికింది. నోటితోని చెప్పాల్సి వస్తే ‘చింతచెట్టు ఎదురుంగ’ అన్న మాటే పనికొచ్చింది. కోడ్ రాసి పంపేటందుకు మంచిది, ఫోన్ల అరిచి చెప్పేటందుకు కాదు.

సర్వేయర్_కాజీపేట (రిటైర్డ్)
అమ్మా, నువ్వు చెప్పింది నిజం. కొంచెం మేలు చేసింది ఏందంటే ప్లస్ కోడ్, డిజిపిన్ రెండిట్లనూ సున్న, ఒకటి లేవు, ఓ, ఐ అనే అక్షరాలు గూడ లేవు. రాతల తికమక కాదు.

శివనగర్_అన్న
ఆడపిల్లలున్న ఇల్లయితే 4 మీటర్ల కోడ్ కాలనీ గ్రూపుల పెట్టకుండ్రి. అడిగినోళ్లకు విడిగ పంపుండ్రి.

ఉత్తరాల_మనిషి
భీమారం తమ్మీ, మ్యాప్‌ల గుర్తు పిన్ను ఇంటి కప్పు మీద పెట్టకు, గేటు మీద పెట్టు. ఆన్నే ఒత్తి పట్టుకుంటే ప్లస్ కోడ్ వస్తది. నీ పేరు, ఫోన్ నంబర్, కాలనీ, ఊరు, పిన్‌కోడ్ రాసి, కింది వరుసల కోడ్ పెట్టు. కిరాణ దుకాణం పేరు గూడ ఉంచు, మీ పోస్ట్‌మన్‌కు అదే గుర్తు.